ఆయుర్వేదంలో పై చదువు: మాధవరం నుంచి జామ్‌నగర్ దాకా

ఆయుర్వేదంలో పి.జి. అంటే మూడేళ్ల చదువు. బి.ఏ.ఎం.ఎస్. నాలుగున్నరేళ్లు చదివి, ఆ పైన ఏడాది హౌస్ సర్జన్‌గా పనిచేసినవారే దానికి అర్హులు. శల్యం (శస్త్రచికిత్స), శాలాక్యం (కన్ను, చెవి, ముక్కు, గొంతు వైద్యం), ప్రసూతి–స్త్రీరోగం తీసుకున్నవారికి ఎం.ఎస్. పట్టా, కాయచికిత్స మొదలు ద్రవ్యగుణం దాకా మిగతా శాఖలవారికి ఎం.డి. పట్టా ఇస్తారు. 2017 నుంచి దేశమంతటికీ ఒకే ప్రవేశ పరీక్ష నడుస్తోంది. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, మొత్తం 480 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. చరకసంహితలో ఫలానా సూత్రం ఎక్కడుందో అడిగే ఆ పరీక్షే కాలేయం పనితీరు గురించీ అడుగుతుంది. ఈ రెండు రకాల ప్రశ్నలూ ఒకే పరీక్షలోకి ఎలా వచ్చాయన్నదే ఆయుర్వేద పి.జి. చరిత్ర. అందులో గోదావరి డెల్టాకు చెప్పుకోదగ్గ వాటా ఉంది.

కాలేజీలు రాకముందు వైద్యం ఇంటి చదువు. శిష్యుడు వైద్యుడి ఇంట్లోనే ఉండి అష్టాంగహృదయం వల్లె వేసేవాడు. కల్వంలో మందులు నూరేవాడు, కషాయాలు కాచేవాడు, గురువు వెంట రోగుల ఇళ్లకు తిరిగేవాడు. రోగి నాడి సొంతంగా చూసే అనుమతి అంత తొందరగా దొరికేది కాదు. పై చదువు అని విడిగా ఏమీ లేదు. ఒక గురువు దగ్గర విద్య అయినవాడు రసౌషధాల కోసమో నేత్రవైద్యం కోసమో ఇంకో ఊరి వైద్యుణ్ని వెతుక్కుంటూ పోతే అదే పై చదువు. తెలుగునాట వైద్యుల చేతుల్లో బాగా నలిగిన పుస్తకాలు రెండు: వల్లభాచార్యుడి వైద్యచింతామణి, బసవరాజు కూర్చిన బసవరాజీయం. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం మొదటి షెడ్యూల్లో గుర్తింపు పొందిన ఆయుర్వేద గ్రంథాల్లో ఈ రెండూ ఉన్నాయి. అంటే వీటిలోని యోగాన్ని తయారుచేసే ఔషధశాలకు ఆ పుస్తకంలోని పాఠమే చట్టం ఒప్పుకునే ఆధారం. పి.జి. పాఠ్యప్రణాళికలో మాత్రం చరక, సుశ్రుత, వాగ్భటులకు ఉన్న పీట వీటికి లేదు. తెలుగు వైద్యులను తరతరాలుగా నడిపించిన పుస్తకాలు తెలుగు విద్యార్థికి థీసిస్ రాసేటప్పుడు తారసపడితే పడతాయి, లేకపోతే లేదు. ఇది చిన్న లోటు కాదు.

కళాశాలల యుగానికి తెలుగువారి వైపు నుంచి దారి వేసినవారిలో ముఖ్యుడు ఆచంట లక్ష్మీపతి.  1880లో నేటి పశ్చిమ గోదావరి జిల్లా మాధవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో ఎం.బి. అండ్ సి.ఎం. పట్టా పుచ్చుకున్నారు. అక్కడితో ఆగి ప్రాక్టీసు పెట్టుకుంటే ఆ రోజుల్లో డబ్బుకూ గౌరవానికీ కొదవ ఉండేది కాదు. ఆయన మాత్రం పట్టా చేతికొచ్చిన తర్వాత దీవి గోపాలాచార్యులు దగ్గర ఆయుర్వేదం చదువుకున్నారు. గోపాలాచార్యులు బందరులో పుట్టి మద్రాసులో స్థిరపడిన పండితుడు. ప్లేగు రోజుల్లో ఆయన తయారుచేసిన హైమాది పానకం, శతధౌతఘృతం పేరుపొందిన మందులు. కన్యకాపరమేశ్వరి దేవస్థానం వారి ఆదరవుతో ఆయుర్వేద కళాశాల నడిపారు. 1920లో ఆయన కన్నుమూశాక మద్రాసు ఆయుర్వేద కళాశాల బాధ్యత లక్ష్మీపతి భుజాల మీద పడింది. ధన్వంతరి పత్రిక, ఆంధ్ర ఆయుర్వేద ఫార్మసీ, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పదుల కొద్దీ పుస్తకాలు ఆయన మిగతా పని. ఇంట్లో ప్రజాజీవితమూ తక్కువ కాదు: భార్య రుక్మిణీ లక్ష్మీపతి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు, 1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గంలో ప్రజారోగ్య శాఖ చూశారు.

ఇక్కడ గమనించవలసింది లక్ష్మీపతి నడిచిన వరస. పాశ్చాత్య వైద్యం ముందు, ఆయుర్వేదం తర్వాత. ఆయన విషయంలో ఆయుర్వేదం అన్న మాటకు పి.జి. చదువు అనే అర్థం. శవపరీక్ష చేసిన చేతులతో, సూక్ష్మదర్శిని చూసిన కళ్లతో ఆయన చరకుణ్ని చదివారు. అందువల్ల సంహితలో ఏది పరిశీలన మీద నిలిచిందో ఏది నమ్మకం మీద నిలిచిందో అడిగే అవకాశం ఆయనకు దొరికింది.

ఆయన కళాశాలలో అనాటమీ చెప్పడానికి చేరినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడి కోపానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డ సుబ్బారావుకు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం రాలేదు. ఆయుర్వేద కళాశాల అధ్యాపకుడయ్యారు, ఆయుర్వేద మందులను కొత్త పద్ధతుల్లో పరిశోధించాలన్న ఆలోచన అక్కడే మొదలైంది. అంతకు ముందే ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే గ్రహణి జబ్బు రోజుల తేడాతో తీసుకుపోయింది. 1922లో కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో, మామగారి సాయంతో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదివారు. ఆ తర్వాత కథ లోకానికి తెలిసిందే: రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి, లెడర్లీ మందుల కంపెనీలో ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకు హెట్రజాన్. ఫోలిక్ ఆమ్లం స్ప్రూకు పనికొచ్చింది. బోదకాలు గోదావరి జిల్లాలను తరాలుగా పీడించిన జబ్బు. 1948లో పోయేనాటికి ఆయన వయసు 53 ఏళ్లు.

ఈ విజయాలను ఆయుర్వేదం ఖాతాలో రాసుకోవడం సరికాదు. హార్వర్డ్ ప్రయోగశాలలూ లెడర్లీ పెట్టుబడీ లేకుండా అవి లేవు. ఆయుర్వేద సభల్లో సుబ్బారావు పేరు తరచు ఈ లెక్కనే వాడుకుంటారు, అది ఆయనకూ ఆయుర్వేదానికీ మేలు చేయదు. చెప్పుకోవలసింది ఇంతే: 1920 ప్రాంతంలో మద్రాసులో ఒక ఆయుర్వేద కళాశాల కప్పు కింద ఎం.బి. చదివిన ప్రిన్సిపాలు, ఎల్.ఎం.ఎస్. చదివిన అనాటమీ అధ్యాపకుడు, సంస్కృతంలో పాఠం చెప్పే పండితులు ఒకే విద్యార్థులకు చదువు చెప్పారు. అలాంటి ఏర్పాటు తర్వాతి కాలంలో దొరకడం కష్టమైంది.

ఎందుకు కష్టమైందో తెలియాలంటే కమిటీల వరస చూడాలి. 1921లో మద్రాసు ప్రభుత్వం మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన దేశీయ వైద్యాల మీద ఒక కమిటీ వేసింది. కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి దానికి కార్యదర్శి. ఆయనా పాశ్చాత్య వైద్యం చదివి దేశీయ వైద్యం వైపు వచ్చినవారే. 1923లో నివేదిక వచ్చింది, మరుసటి ఏడు కీల్పాక్‌లో ప్రభుత్వ భారతీయ వైద్య పాఠశాల తెరుచుకుంది. ఆయుర్వేదం, సిద్ధ, యునానీ మూడూ అక్కడ చెప్పేవారు, వాటితో పాటే అనాటమీ, ఫిజియాలజీ, శస్త్రచికిత్స కూడా. ఎల్.ఐ.ఎం. పట్టా పుచ్చుకున్నవారు రెండు రకాల మందులూ రాసేవారు. ఆ సంస్థ క్రమంగా కాలేజీ అయింది, మిశ్రమ వైద్య కాలేజీ అయింది, చివరికి 1960లో కీల్పాక్ మెడికల్ కాలేజీగా మారి ఆయుర్వేదాన్ని పూర్తిగా వదిలేసింది. మిశ్రమ విద్య చదివిన విద్యార్థులు ఆధునిక వైద్యం వైపే మొగ్గారు, ఎం.బి.బి.ఎస్. హోదా అడిగారు. అందులో తప్పు పట్టవలసింది లేదు, జీతాలూ పదవులూ ఆ వైపే ఉన్నాయి.

స్వాతంత్ర్యం వచ్చే వేళకు చోప్రా కమిటీ దేశీయ, పాశ్చాత్య వైద్యాలు రెండింటినీ కలిపి చదివించమంది. 1956లో గుజరాత్ ప్రాంతపు జామ్‌నగర్‌లో ఆయుర్వేద పి.జి. శిక్షణ కేంద్రం మొదలైంది. దేశంలో క్రమపద్ధతిగా సాగిన ఆయుర్వేద పి.జి.కి అదే ఆరంభం. 1959లో ఉడుప కమిటీ నివేదిక ఇచ్చింది. దాని అధ్యక్షుడు కె.ఎన్. ఉడుప లక్ష్మీపతికి సరిగ్గా ఎదురు దారిలో వచ్చినవాడు: కాశీలో ఆయుర్వేద–శస్త్రవైద్య పట్టా తీసుకుని, ఆ తర్వాత అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో సర్జరీ చదివినవాడు. 1963లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో వచ్చిన భారతీయ వైద్య పి.జి. సంస్థ ఆయన చేతి మీద ఎదిగింది. ఆ రోజుల్లోనే వ్యాస్ కమిటీ శుద్ధ ఆయుర్వేదం కావాలంది, మిశ్రమ విద్యతో శాస్త్రం కల్తీ అవుతోందంది. చివరికి గెలిచింది రెండు వాదాల మధ్య రాజీ. 1970 నాటి చట్టం ప్రకారం ఏర్పడ్డ కేంద్ర భారతీయ వైద్య మండలి దేశమంతటికీ ఒకే బి.ఏ.ఎం.ఎస్., ఒకే ఎం.డి. తెచ్చింది. పాఠాల్లో ఆధునిక విషయాలు ఉండిపోయాయి కాని పి.జి. తలుపు బి.ఏ.ఎం.ఎస్. వారికే తెరిచి ఉంచారు. ఎం.బి.బి.ఎస్. చదివినవాడు ఇప్పుడు ఆయుర్వేదంలో ఎం.డి. చేయలేడు. లక్ష్మీపతి నేడు పుట్టి ఉంటే ఆయన దారి ప్రవేశ పరీక్ష దరఖాస్తు దగ్గరే ఆగిపోయేది. 2020 చట్టం మండలి స్థానంలో జాతీయ కమిషన్‌ను పెట్టింది, ఈ నిబంధన మాత్రం మారలేదు.

చైనా ఇదే కాలంలో ఇదే చిక్కును ఇంకో రకంగా విప్పుకుంది. 1955లో బీజింగ్‌లో చైనా సంప్రదాయ వైద్య అకాడమీ వచ్చింది. ఆ వెంటనే 1956లో బీజింగ్, షాంఘై, చెంగ్డు, గ్వాంగ్‌ఝౌలలో నాలుగు సంప్రదాయ వైద్య కళాశాలలు వెలిశాయి. వాటితో పాటు పాశ్చాత్య వైద్యం చదివిన డాక్టర్లను ఉద్యోగాల నుంచి తప్పించి రెండున్నరేళ్లు పూర్తికాలం చైనా వైద్యం చదివించే తరగతులు ప్రభుత్వమే పెట్టింది. ఫార్మసీ చదివిన తు యూయూ అలాంటి తరగతిలో కూర్చున్నవారే. 1967లో మలేరియా మందు కోసం మొదలైన రహస్య పథకంలో ఆమెకు పని అప్పగించినప్పుడు పాత గ్రంథాలు తిరగేశారు. నాలుగో శతాబ్దికి చెందిన గే హోంగ్ పుస్తకంలో ఒక మొక్కను నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉంది. కాచమని లేదు. వేడి తగిలితే గుణం చెడుతుందేమో అన్న ఊహ అక్కడ పుట్టింది. తక్కువ వేడిలో మరిగే ఈథర్‌తో సారం తీస్తే 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లో మలేరియాను పూర్తిగా తుడిచేసింది. ఆర్టెమిసినిన్ అలా వచ్చింది, 2015లో నోబెల్ వచ్చింది. కషాయం కాచడం, స్వరసం పిండడం వేరువేరు కల్పనలని ఆయుర్వేద విద్యార్థి బి.ఏ.ఎం.ఎస్.లోనే చదువుతాడు. ఆ తేడాను ప్రయోగశాలలో ప్రశ్నగా మార్చడం మాత్రం రెండు చదువులూ చదివిన మనిషికి సులువైంది.

1978లో చైనా పి.జి. చదువులను మళ్లీ తెరిచినప్పుడు సంప్రదాయ వైద్యం కూడా వాటిలో చేరింది. చైనా–పాశ్చాత్య వైద్యాల సమ్మేళనం అక్కడ విడి శాఖ. ఇంకో ఏర్పాటు కూడా ఆలోచించదగ్గది: కళాశాలల చదువులో చేతి అనుభవం పలచబడుతోందని గమనించి 1990లో దేశవ్యాప్తంగా 500 మంది పెద్ద వైద్యులను ఎంచి, ఒక్కొక్కరి దగ్గర శిష్యులను పెట్టారు. ఇదంతా ప్రభుత్వ ఆజ్ఞ మీద నడిచిన వ్యవహారం, ఆ ఆజ్ఞల వెనక రాజకీయం కావలసినంత ఉంది. మక్కికి మక్కి అనుకరించవలసిన నమూనా అని కాదు.

ఇక మూడేళ్ల చదువు లోపల జరిగేదేమిటి? మొదటి ఏడు పరిశోధనా పద్ధతులు, గణాంకాలు, తన శాఖకు సంబంధించిన మూల సిద్ధాంతాలు, ఏడాది చివర ఒక పరీక్ష. సినాప్సిస్ తయారుచేసి నైతిక కమిటీ ముందు పెట్టడం. తర్వాత ఓ.పి., వార్డు డ్యూటీలు, జూనియర్లకు పాఠాలు, థీసిస్, చివర నాలుగు పేపర్లు, ప్రాక్టికల్స్. ఈ చట్రం అన్ని శాఖలకూ ఒకటే. శాఖను బట్టి మారేది రోజువారీ పని.

ద్రవ్యగుణం విద్యార్థి పని చెట్లతో. కొల్లేరు ప్రాంతం అతనికి మంచి పాఠశాల. బ్రాహ్మి సంగతే తీసుకోండి. భీమడోలు నుంచి కొల్లేటి వైపు దిగితే బోదెల అంచున, బురద నేలల్లో రెండు మొక్కలు దొరుకుతాయి. ఒకటి నీటిబ్రాహ్మి: నేలబారుగా పాకుతుంది, ఆకు చిన్నది, మందం, నమిలితే చేదు, పువ్వు లేత ఊదా కలిసిన తెలుపు. ఇంకొకటి సరస్వతి ఆకు: సన్నని తీగ కణుపు కణుపుకూ వేరు దిగుతుంది, ఆకు గుండ్రంగా ఉండి కాడ దగ్గర చీలి ఉంటుంది. ఇళ్లలో రెండింటినీ తెలివికి మంచిదనే పిల్లలకు పెడతారు. భారత ఆయుర్వేద ఫార్మకోపియా మొదటిదాన్ని బ్రాహ్మిగా, రెండోదాన్ని మండూకపర్ణిగా తేల్చింది. మొదటిదానిలో బాకోసైడ్లు, రెండోదానిలో ఏషియాటికోసైడ్ ముఖ్యమైన పదార్థాలు, కాబట్టి ఒకదాని బదులు ఇంకోటి వేసి తీసిన ఫలితం దేనికీ చెల్లదు. అటికమామిడి, గలిజేరుల మధ్య పునర్నవ విషయంలోనూ ఇదే తకరారు. విద్యార్థి మొక్కను పూతతో సహా సేకరించి, ఎండబెట్టి, హెర్బేరియం షీటుకు కుట్టి, కాండం అడ్డుకోత తీసి సూక్ష్మదర్శినిలో చూసి, బూడిద శాతం, సారాల శాతం కొలిచి, క్రొమటోగ్రఫీ పలక మీద చుక్కలు సరిపోల్చాలి. ఇదంతా అయ్యాకే మందు మాట. తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం ఈ ప్రాంతంలోనే ఉంది. ఔషధ మొక్కల సాగు చదివేవాళ్లూ ద్రవ్యగుణం చదివేవాళ్లూ ఒకే చేలో నిలబడితే ఇద్దరి థీసిస్‌లూ బాగుపడతాయి.

రసశాస్త్రం విద్యార్థి పని నిప్పుతో. శోధించిన లోహాన్ని ఆకు పసరుతో కల్వంలో నూరి, బిళ్లలు చేసి ఎండబెట్టి, రెండు మూకుళ్ల మధ్య పెట్టి, అతుకు మీద చీలమన్ను చుట్టి ఆరనివ్వాలి. నిలువు, అడ్డం, లోతు సమానంగా తవ్విన గోతిలో కింద రెండు వంతుల పిడకలు, పైన ఒక వంతు పేర్చి మధ్యలో సంపుటం ఉంచి అంటిస్తారు. దాన్ని తనంతట తాను చల్లారనిచ్చి తీయాలి. తొందరపడి తీస్తే పుటం చెడుతుంది. భస్మం కుదిరిందా లేదా అన్నదానికి పాత పరీక్షలు ఉన్నాయి: చిటికెడు తీసుకుని రుద్దితే వేలి గీతల్లో ఇంకాలి, నీటి మీద వేస్తే తేలాలి, మళ్లీ లోహంగా మారకూడదు. ఇప్పుడు విద్యార్థి గోతిలో ఉష్ణమాపకం పెట్టి గంట గంటకూ వేడి రాసుకుంటాడు, అదే మందును విద్యుత్ కొలిమిలోనూ చేసి, రెండింటినీ ఎక్స్-రే వివర్తనంతో పోలుస్తాడు. పాత పరీక్షకూ కొత్త యంత్రానికీ ఎక్కడ పొత్తు కుదురుతుందో, ఎక్కడ కుదరదో సూటిగా కనిపించే శాఖ ఇదే. సీసం, పాదరసం మిగిలాయా అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసిన భారం కూడా ఈ శాఖదే.

కాయచికిత్స, పంచకర్మలకు గిరాకీ ఎక్కువ. కీళ్లవాతం, పక్షవాతం, సోరియాసిస్ రోగులు వార్డుల నిండా ఉంటారు. శల్యంలో అర్శస్సు, భగందరాలకు క్షారసూత్రం అసలైన బలం: ఉత్తరేణి క్షారం, జెముడు పాలు, పసుపు పూత మీద పూత వేసిన దారం భగందరాన్ని కోస్తూ మాన్పుతుంది. ఈ పద్ధతిని కాశీ శల్య విభాగమే ఆధునిక పరీక్షలకు నిలబెట్టింది. 2020 నవంబరులో కేంద్ర మండలి శల్య, శాలాక్య పి.జి. విద్యార్థులు నేర్వవలసిన 58 శస్త్రచికిత్సలను పేరుపేరునా గెజిట్‌లో ప్రకటించింది. భారత వైద్య సంఘం డిసెంబరు 11న దేశవ్యాప్తంగా ఓ.పి.లు ఆపి నిరసన తెలిపింది. మత్తుమందు ఎవరివ్వాలి, చిక్కు వస్తే రోగిని ఎక్కడికి పంపాలి అన్నవి ఆ రగడలో అడగవలసిన ప్రశ్నలు. పద్ధతి ఎవరి సొత్తు అన్నదాని మీదే ఎక్కువ కాగితం ఖర్చయింది.

థీసిస్ ఈ చదువుకు వెన్నెముక కావలసింది, చాలాచోట్ల బలహీనమైన కీలు అది. ముప్పై, నలభై మంది రోగులను రెండు గుంపులు చేసి, ఒక చూర్ణానికీ ఇంకో చూర్ణానికీ పోలిక పెట్టి, రెండూ పనిచేశాయని తేల్చే థీసిస్‌లు కాలేజీ లైబ్రరీల అలమరల్లో వరసలు వరసలుగా ఉంటాయి. అంత చిన్న గుంపుతో ఏ తేడా తేలదు. మందు పనిచేయలేదని రాసిన థీసిస్ అరుదు, అలా రాస్తే మార్కులు పోతాయన్న భయం గైడ్లకూ ఉంది. కొంత మార్పు లేకపోలేదు. 2018 ఏప్రిల్ నుంచి జాతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ రోగులను చేర్చుకోకముందే చేసిన నమోదులను మాత్రమే ఒప్పుకుంటోంది. ఆ తర్వాత గమ్యాన్ని మధ్యలో గుట్టుగా మార్చుకోవడం కష్టం. పి.జి. విద్యార్థుల పరిశోధనకు కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి ఆర్థిక సాయం ఇస్తోంది. ఇంకా కావలసింది నాలుగైదు కాలేజీలు ఒకే ప్రశ్న మీద, ఒకే కొలతలతో రోగులను చేర్చడం.

తెలుగు రాష్ట్రాల్లో పి.జి.కి పాత చిరునామా హైదరాబాదు ఎర్రగడ్డలోని బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల. 2014 విభజనతో అదీ వరంగల్ కళాశాలా తెలంగాణకు వెళ్లాయి. ఆంధ్రప్రదేశ్‌కు ప్రభుత్వపరంగా విజయవాడలో నోరి రామశాస్త్రి కళాశాల, తిరుమల తిరుపతి దేవస్థానం తరఫున తిరుపతిలో 1983లో మొదలైన శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాల మిగిలాయి. తిరుపతిలో శేషాచలం అడవులు పక్కనే ఉండటం ద్రవ్యగుణానికి కలిసొచ్చింది. గ్రంథ పరిశోధన చేసేవారికి హైదరాబాదు గడ్డిఅన్నారంలోని భారతీయ వైద్య వారసత్వ జాతీయ సంస్థ ఆధారం. దాని మూలం డి.వి. సుబ్బారెడ్డి వైద్యచరిత్ర కోసం పడ్డ శ్రమ. ఆయుష్ పరిశోధనా పత్రాల పోర్టల్‌నూ, సంహితల డిజిటల్ ప్రతులనూ ఆ సంస్థే చూస్తోంది.

పట్టా తీసుకున్నవారిలో చాలామంది కళాశాలల్లో అధ్యాపకులవుతారు. బి.ఏ.ఎం.ఎస్. కాలేజీల్లో పాఠం చెప్పాలంటే ఎం.డి. లేదా ఎం.ఎస్. తప్పనిసరి. కొందరు పిహెచ్.డి.కి జామ్‌నగర్, కాశీ, జైపూర్ వెళతారు. జామ్‌నగర్ సంస్థకు 2020లో జాతీయ ప్రాముఖ్య హోదా వచ్చింది. కొందరు ప్రభుత్వ ఆయుష్ డిస్పెన్సరీల్లో మెడికల్ ఆఫీసర్లవుతారు, ఇంకొందరు ఔషధ కంపెనీల నాణ్యత విభాగాల్లో చేరతారు. ఏలూరు, తాడేపల్లిగూడెం లాంటి ఊళ్లలో సొంత పంచకర్మ కేంద్రం పెట్టుకునేవారికి పెట్టుబడి తైలాలకూ మనుషులకూ అవుతుంది: అభ్యంగానికి ఆడవారికి ఆడవారు, మగవారికి మగవారు వేరుగా కావాలి, చికిత్స పేరుకు వారమైనా పథ్యం నెల దాటుతుంది. ఎం.డి. వార్డులో ఈ లెక్క ఎవరూ నేర్పరు, చాలామంది మొదటి రెండేళ్ల ప్రాక్టీసులో నేర్చుకుంటారు.